మక్క గింజలో మాంసకృత్తుల నాణ్యత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మా శీర్షికకు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే విషయాన్ని అడిగాయి. మాంసకృత్తుల నాణ్యత పెంచిన మక్కజొన్న అంటే ఏమిటి, దానిని గింజ దశలోనే ఎలా గుర్తిస్తారు అన్నదే ఆ విషయం. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. నాలుగెకరాల చెల్కలో ఏటా వానాకాలం మక్క వేస్తాము. నాణ్యమైన మాంసకృత్తులున్న మక్క రకాలు ఉన్నాయని ఒక రైతు శిక్షణలో చెప్పారు. వాటిలో మామూలు మక్క కంటే మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయా? గింజను చూస్తే తేడా తెలుస్తుందా?

జవాబు: ఎక్కువగా ఉండవు. చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు మక్క గింజలో నూటికి దాదాపు 9 నుంచి 10 పాళ్లు మాంసకృత్తులు ఉంటాయి. నాణ్యత పెంచిన రకంలోనూ దాదాపు అంతే ఉంటాయి. మారేది వాటి కూర్పు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండింటిని మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే తీసుకోవాలి. మామూలు మక్కలో కొరత ఉన్నవి సరిగ్గా ఈ రెండే. వడ్రంగి దగ్గర ఎంత చెక్క ఉన్నా బందులు నాలుగే ఉంటే రెండు తలుపులే బిగించగలడు. మిగిలిన చెక్క ఉన్నా ఆ పనికి రాదు. మక్క తిన్న శరీరంలోనూ ఇదే జరుగుతుంది. లైసిన్ ఎంతవరకు అందితే అంతవరకే కొత్త కండ పెరుగుతుంది, మిగిలిన అమైనో ఆమ్లాలను శరీరం ఇంధనంగా ఖర్చు చేసుకుంటుంది.

మామూలు మక్క మాంసకృత్తులలో లైసిన్ నూటికి 1.6 నుంచి 2.6 పాళ్లు, ట్రిప్టోఫాన్ 0.2 నుంచి 0.6 పాళ్లు ఉంటుంది. నాణ్యత పెంచిన రకాల్లో లైసిన్ 2.7 నుంచి 4.5 పాళ్లు, ట్రిప్టోఫాన్ 0.5 నుంచి 1.1 పాళ్లు ఉంటుంది. ఈ అంకెలను గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ట్రిప్టోఫాన్ దగ్గర రెండు శ్రేణులూ ఒకదాని అంచు మీదికి మరొకటి వస్తున్నాయి. కింది జవాబుల్లో దీనితో మళ్లీ పని పడుతుంది.

ట్రిప్టోఫాన్ గురించి మన ప్రాంతంవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. శరీరం ఈ అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ అనే విటమిన్‌ను తయారు చేసుకుంటుంది; స్థూలంగా 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్ లెక్క. నియాసిన్ లోపిస్తే పెల్లాగ్రా వస్తుంది: ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. ఇతర దేశాల్లో ఇది మక్క మీదే బతికిన పేదల రోగం. మన దక్కనులో మాత్రం జొన్న రొట్టె, జొన్న గటకతోనే పూట గడుపుకొన్నవారిలో కనిపించింది. హైదరాబాదులో నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ విషయాన్ని పరిశీలించి, జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. నాణ్యత పెంచిన మక్కలో ట్రిప్టోఫాన్ పెరగడంతోపాటు ల్యూసిన్ కొంత తగ్గుతుంది కూడా. కాబట్టి ఒక ధాన్యం మీదే ఎక్కువగా ఆధారపడే ఇంట్లో ఆ ధాన్యపు మాంసకృత్తుల కూర్పు చిన్న విషయం కాదు.

ఇక చూపు సంగతి. నేటి రకాల్లో గింజ రంగు, గట్టిదనం మామూలు మక్కను పోలి ఉండాలనే ఉద్దేశంతోనే వాటిని రూపొందించారు. చేతిలో పట్టుకొని చూస్తే తేడా తెలియదు.

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడిని. మక్క గింజలను గాజుపలక మీద పోసి కింద దీపం వెలిగించి మంచి గింజలను ఏరుతారని విన్నాను. వెలుతురుతో మాంసకృత్తులు ఎలా తెలుస్తాయి? విద్యార్థులకు చూపించాలని ఉంది.

జవాబు: అయ్యా, వెలుతురులో మాంసకృత్తులు కనిపించవు, గింజ లోపలి కట్టుబడి కనిపిస్తుంది. ఈ తేడాను పిల్లలకు మొదటే చెప్పండి. ఆ కట్టుబడికీ మాంసకృత్తులకూ ఉన్న సంబంధం తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

మక్క గింజలో మొలక ఒక పక్కన ఉంటుంది, మిగిలిన పెద్ద భాగం అంకురచ్ఛదం, అంటే పిండి నిల్వ ఉండే భాగం. ఇందులోని మాంసకృత్తులలో సగం, అంతకంటే ఎక్కువ కూడా, జీన్ (zein; జన్యువు అనే అర్థంలో వాడే జీన్ కాదు) అనే రకానికి చెందినవి. ఈ జీన్‌లో లైసిన్, ట్రిప్టోఫాన్ దాదాపు ఉండవు. అమెరికాలో 1920ల నుంచే తెలిసిన ఓపేక్-2 అనే ఒక ఉత్పరివర్తన (జన్యువులో మార్పు వచ్చిన) గింజను పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ మెర్ట్జ్, ఆలివర్ నెల్సన్, లిన్ బేట్స్ పరీక్షించి, అందులో లైసిన్ మామూలు మక్కలోకన్నా దాదాపు రెండింతలు ఉందని 1964లో ప్రకటించారు. మామూలు ఓపేక్-2 జన్యువు జీన్ మాంసకృత్తుల తయారీని ప్రేరేపిస్తుంది. అది పాడైన గింజలో (ఇకపై ఓపేక్-2 అంటే ఈ పాడైన రూపమే) జీన్ తగ్గిపోయి, లైసిన్ ఎక్కువగా ఉండే ఇతర మాంసకృత్తులు ఆ చోటును నింపుతాయి.

కానీ జీన్ తగ్గడం వల్ల మరో మార్పు వచ్చింది. మామూలు గింజలో పిండి రేణువుల మధ్య సందులను మాంసకృత్తులు గట్టిగా పూడ్చి ఉంచుతాయి కనుక గింజ గాజులా మెరుస్తుంది, వెలుతురు దాని గుండా సాగుతుంది. ఓపేక్-2 గింజలో ఆ పూడిక చాలక రేణువుల మధ్య గాలి సందులు మిగులుతాయి, వెలుతురు వాటి దగ్గర చెదిరిపోయి, గింజ సుద్దలా తెల్లగా, మసకగా కనిపిస్తుంది. ఇలాంటి గింజ తేలికగా ఉంటుంది, నెమ్మదిగా ఆరుతుంది, కంకి కుళ్లుకూ నిల్వలో ముక్కు పురుగుకూ సులభంగా లొంగుతుంది. మన దేశంలో 1970ల ఆరంభంలో శక్తి, రతన్, ప్రోటీనా అనే పేర్లతో ఓపేక్-2 రకాలను విడుదల చేశారు. పోషణలో అవి మేలైనవే అయినా రైతులు ఆదరించలేదు. అందుకు రైతులను తప్పుపట్టడానికి వీలులేదు. దిగుబడి తగ్గి, గాదెలో పురుగు పట్టే గింజను పోషకం పేరు చెప్పి పండించమనడం న్యాయం కాదు.

ఈ చిక్కును విడదీసినది మెక్సికోలోని అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన కేంద్రం. అక్కడ పంజాబు నుంచి వెళ్లిన సురీందర్ వాసల్ అనే ప్రజనన శాస్త్రవేత్త, ఎవాంజెలినా విల్లెగాస్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1970ల నుంచి కలిసి పనిచేశారు. సుద్ద గింజల మధ్య అక్కడక్కడ కొంత భాగం గాజులా ఉన్నవి తగిలేవి. అటువంటి గింజల్లో ఓపేక్-2 అలాగే ఉండి, దానితోపాటు గింజను గట్టిపరిచే సవరణ జన్యువులు కూడా ఉంటాయి. వాటిని ఏరి, విత్తి, పరీక్షించి, మళ్లీ ఏరి, అనేక తరాలు నడిపిన తర్వాత గట్టి గింజ, మంచి మాంసకృత్తులు ఒకే మొక్కలో కుదిరాయి. ఈ కృషికి వారిద్దరికీ 2000లో ప్రపంచ ఆహార పురస్కారం లభించింది. ఒకరు పొలంలో, మరొకరు ప్రయోగశాలలో ఉండి ప్రతి తరంలోనూ ఒకరి ఎంపికను మరొకరు సరిచూసుకోవడం వల్లనే ఇది సాధ్యమైందని నా గట్టి నమ్మకం.

మీరు అడిగిన దీపపు పెట్టె ఈ ఏరికకు వాడే సాధనం. చెక్క పెట్టెలో ట్యూబులైటు బిగించి, పైన గాజుపలక పెడతారు. ఎండిన గింజలను ఒక వరుసగా పరిచి, చీకటి గదిలో చూస్తూ ఐదు తరగతులుగా వేరు చేస్తారు. పూర్తిగా వెలుతురు సాగేది ఒకటో తరగతి, పావు వంతు మసకగా ఉన్నది రెండోది, సగం మసక మూడోది, ముప్పావు మసక నాలుగోది, పూర్తిగా సుద్దలా ఉన్నది ఐదోది.

ఇప్పుడు మీ విద్యార్థులను ఒక ప్రశ్న అడగండి: మామూలు మక్కనూ నాణ్యత పెంచిన మక్కనూ సంకరం చేసి, ఆ మొక్కను స్వపరాగ సంపర్కం చేయించినప్పుడు వచ్చిన కంకిలో ఏ తరగతి గింజలను ఏరాలి? గట్టి గింజే కావాలి కనుక ఒకటో తరగతిని తీయాలని చాలామంది అంటారు. అది పొరపాటు. ఓపేక్-2 అంతర్గత లక్షణం, అంటే రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది, కనుక ఆ కంకిలో 400 గింజలుంటే, రెండు వైపుల నుంచీ ఓపేక్-2నే పొందినవి సుమారు 100 మాత్రమే ఉంటాయి. మిగిలిన 300 మామూలు గింజలు పూర్తిగా గాజులాగే కనిపిస్తాయి. ఒకటో తరగతిలో కనిపించే గింజ వాటిలో ఒకటి కావచ్చు, లేదా సవరణ జన్యువులు బలంగా ఉన్న అసలైన ఓపేక్-2 గింజ కావచ్చు. దీపం ఈ రెంటినీ వేరు చేయలేదు. అందుకే తొలి తరాల్లో రెండు, మూడు తరగతుల గింజలను ఏరుతారు. వాటిలోని మసక భాగం ఓపేక్-2 ఉన్నదని చెబుతుంది, మెరిసే భాగం సవరణ జన్యువులు ఉన్నాయని చెబుతుంది. ఒకే గింజలో రెండు ఆనవాళ్లూ దొరకడం ప్రజనన శాస్త్రవేత్తకు ఎంతో విలువైన విషయం. ఓపేక్-2 స్థిరపడిన తర్వాతి తరాల్లో మాత్రం మరింత గట్టి గింజల వైపు సాగవచ్చు.

తరగతి గదిలో చూపించాలంటే అట్టపెట్టె, గాజుపలక, ఒక బల్బు చాలు. బజారులో దొరికే మక్కలతోనే గట్టి భాగం, మెత్తని భాగం తేడా పిల్లలకు స్పష్టంగా చూపవచ్చు. మసకగా కనిపించిన ప్రతి గింజా ఓపేక్-2 కాదని మాత్రం తప్పక చెప్పండి. పూర్తిగా పండకుండానే ఎండిపోయిన గింజ కూడా సుద్దలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన వ్యవసాయ స్నాతకోత్తర విద్యార్థినిని. దీపం మీద ఎంపిక చేసిన మా గింజల్లో ట్రిప్టోఫాన్ విలువలు ఒకసారి పరీక్షిస్తే ఒకలా, మరోసారి మరోలా వస్తున్నాయి. లైసిన్‌ను కాక ట్రిప్టోఫాన్‌నే ఎందుకు కొలవమంటారు? మార్కర్లు ఉండగా ఈ శ్రమ అవసరమా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. రెండోదానితో మొదలుపెడతాను. మక్క మాంసకృత్తులలో లైసిన్, ట్రిప్టోఫాన్ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. లైసిన్ సుమారుగా ట్రిప్టోఫాన్‌కు నాలుగింతలు ఉంటుంది. వందల నమూనాలను పరీక్షించవలసినప్పుడు రెంటిలో సులువుగా, చవకగా కొలవగలిగిన ట్రిప్టోఫాన్‌ను కొలిచి, చివరకు మిగిలిన కొద్దిపాటి వంశాల్లో లైసిన్‌ను కూడా కొలిస్తే సరిపోతుంది.

విలువలు నిలకడగా రాకపోవడానికి నేను మొదట అనుమానించేది నమూనా తయారీని. గింజ మొలకలోని మాంసకృత్తులలో లైసిన్, ట్రిప్టోఫాన్ సహజంగానే ఎక్కువ, ఏ మక్కలోనైనా సరే. మొలకను పూర్తిగా తొలగించకుండా రుబ్బితే మామూలు గింజ కూడా మంచి గింజలా కనిపిస్తుంది. ఒక నమూనాలో మొలక ముక్క మిగిలి, మరొకదానిలో మిగలకపోతే విలువలు తారుమారవుతాయి. నానబెట్టి, పైపొరనూ మొలకనూ చాకుతో జాగ్రత్తగా తీసి, ఆరబెట్టి, మెత్తగా పొడి చేసి, హెక్సేన్‌తో కొవ్వును తీసివేసిన తర్వాతే పరీక్షకు వెళ్లాలి. ఒక్క గింజనే పరీక్షించవలసి వస్తే మొలకకు ఎదురు వైపు నుంచి చిన్న ముక్కను గీరి తీసుకొని, మొలక ఉన్న భాగానికి అదే సంఖ్య వేసి దాచిపెట్టండి. ఫలితం బాగుంటే ఆ గింజనే విత్తుకోవచ్చు.

రెండో అనుమానం రసాయనాల మీద. ఈ పద్ధతిలో పొడిని పపైన్ అనే ఎంజైముతో, అంటే బొప్పాయి పాల నుంచి తీసిన పదార్థంతో, 65 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచి మాంసకృత్తులను విడగొడతారు. ఆ ద్రావణానికి గంధకామ్లం, ఫెర్రిక్ క్లోరైడు, గ్లయాక్సిలిక్ ఆమ్లం కలిపితే ట్రిప్టోఫాన్ ఉన్న మేరకు ఊదా రంగు వస్తుంది, దానిని 560 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. పూర్వం గ్లయాక్సిలిక్ ఆమ్లానికి బదులు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లాన్ని వాడేవారు. నిజానికి అక్కడ రంగు పుట్టించినది ఆ ఆమ్లంలో మలినంగా కలిసి ఉన్న కొద్దిపాటి గ్లయాక్సిలిక్ ఆమ్లమే. మలినం పాళ్లు సీసా సీసాకూ మారతాయి కనుక రంగు కూడా మారేది. మీ ప్రయోగశాలలో ఇంకా పాత పద్ధతే నడుస్తుంటే మీ కష్టానికి మూలం అదే కావచ్చు. మరొక మాట: పపైన్ కూడా మాంసకృత్తే, దానిలోనూ ట్రిప్టోఫాన్ ఉంటుంది. పొడి వేయకుండా పపైన్ మాత్రమే ఉంచిన గొట్టాన్ని ప్రతి విడతలోనూ పెట్టి ఆ విలువను తీసివేయాలి. తెలిసిన మామూలు మక్కను ఒకటి, తెలిసిన నాణ్యమైన మక్కను ఒకటి ప్రతి విడతలోనూ చేర్చండి. ఆ రెండూ తమ స్థానాల్లో నిలవకపోతే ఆ రోజు ఫలితాలన్నిటినీ పక్కన పెట్టండి. ఒక రోజు పని పోయిందని బాధ కలుగుతుంది, కానీ తప్పు గింజను ఎంచుకుంటే పోయేది ఒక రోజు కాదు, ఒక పంట కాలం.

ట్రిప్టోఫాన్‌ను ఒంటరిగా చూడకండి. గింజలోని నత్రజనిని బట్టి మొత్తం మాంసకృత్తులను కూడా కొలిచి, నూరు పాళ్ల మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ ఎంత అన్న నాణ్యతా సూచికనే ఆధారంగా తీసుకోవాలి. నత్రజని ఎరువు ఎక్కువ వేసిన మడిలో మామూలు మక్క గింజకు మాంసకృత్తులు పెరుగుతాయి, కానీ పెరిగేది ఎక్కువగా జీనే. అప్పుడు గింజ బరువులో ట్రిప్టోఫాన్ పెరిగినట్లు అనిపిస్తుంది, మాంసకృత్తులలో దాని వాటా మాత్రం పడిపోతుంది. అందువల్ల పోల్చవలసిన వంశాలను ఒకే పొలంలో, ఒకే ఎరువుతో పెంచాలి.

మార్కర్ల గురించి. ఓపేక్-2 జన్యువు లోపలే ఉన్న ఫై057, ఫై112, యుఎంసి1066 అనే మూడు ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు (జన్యువును గుర్తించడానికి పనికివచ్చే డీఎన్‌ఏ ఆనవాళ్లు) ఎంతో మేలు చేశాయి. ఒక్క ఓపేక్-2 ప్రతి మాత్రమే ఉన్న మొక్కను దీపం గుర్తించలేదు, ట్రిప్టోఫాన్ పరీక్ష కూడా నమ్మకంగా గుర్తించలేదు. మొలక ఆకు నుంచి తీసిన డీఎన్‌ఏ గుర్తిస్తుంది. దానివల్ల పశ్చ సంకరణంలో (సంకర సంతతిని మళ్లీ మళ్లీ ఒక తల్లిదండ్రి వంశంతోనే సంకరం చేయడంలో) ప్రతి తరం తర్వాతా స్వపరాగ సంపర్కం చేసి చూడవలసిన పని తప్పుతుంది. అల్మోరాలోని వివేకానంద పర్వతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ మార్గంలోనే వివేక్ క్యూపీఎం 9 (క్యూపీఎం అంటే నాణ్యమైన మాంసకృత్తుల మక్క) సంకర రకాన్ని రూపొందించింది, అది 2008లో విడుదలైంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇదే మార్గంలో తెచ్చిన పూసా హెచ్‌ఎం 8 ఇంప్రూవ్డ్ 2017లో మన తెలంగాణతో సహా దక్షిణాది రాష్ట్రాలకు విడుదలైంది. దాని మాంసకృత్తులలో లైసిన్ 4.18 శాతం, ట్రిప్టోఫాన్ 1.06 శాతం.

అయినా మార్కరు చెప్పేది ఓపేక్-2 ఉన్నదా లేదా అన్నదొక్కటే. గింజను గట్టిపరిచే సవరణ జన్యువులు అనేకం, వాటికి దీపమే ఇంకా సులువైన పరీక్ష. వీటికి తోడు, ఓపేక్-2 ఉన్న గింజల్లో కూడా లైసిన్, ట్రిప్టోఫాన్ మోతాదును పైకీ కిందికీ జరిపే జన్యువులు మరికొన్ని ఉన్నాయి. మొదటి జవాబులో ట్రిప్టోఫాన్ శ్రేణులు కలిసిపోయాయని చెప్పింది ఇందుకే: ఓపేక్-2 రెండు ప్రతులూ ఉండి, మార్కరులో నెగ్గి, దీపంలో నెగ్గి, చివరకు ట్రిప్టోఫాన్ 0.5 దగ్గరే ఆగిపోయే వంశాలు ఉంటాయి. గింజను గట్టిపరుస్తూ పోయిన కొద్దీ తెలియకుండానే నాణ్యత జారిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మీరు శ్రమ అంటున్న రసాయన పరీక్షను ఏ తరంలోనూ వదలకండి. దాని క్రమం మాత్రం మార్చుకోవచ్చు: ముందు ఆకుతో మార్కరు, కోత తర్వాత దీపం, ఆ రెంటిలో నిలిచిన వాటికే రసాయనం. అప్పుడు వందల నమూనాలు పదుల్లోకి వస్తాయి.

ప్రశ్న: అచ్చంపేట నుంచి ఒక రైతును. ఈ రకం ఒకసారి వేస్తే ఆ గింజనే మరుసటి ఏటికి విత్తనంగా దాచుకోవచ్చా? మా చుట్టూ అందరూ మామూలు మక్కే వేస్తారు.

జవాబు: సంకర రకమైతే దాచుకోకండి, రెండో ఏడు మొక్కలు ఒక తీరుగా రావు, దిగుబడి తగ్గుతుంది. మీ రెండో మాట మరింత ముఖ్యమైనది. మక్కలో పుప్పొడి గాలికి కొట్టుకువస్తుంది. పక్క చేనులోని మామూలు మక్క పుప్పొడి మీ కంకి పీచు మీద పడితే, ఆ గింజలో తండ్రి వైపు నుంచి మామూలు జన్యువు చేరి, ఆ ఏడే, ఆ గింజలోనే, జీన్ మళ్లీ తయారవుతుంది. అంటే మీరు వేసిన విత్తనం మంచిదే అయినా, గట్టు పక్క వరుసల్లో పండిన గింజలు కొన్ని మామూలు మక్కగా మారతాయి.

విత్తనోత్పత్తికైతే అవసరాన్ని బట్టి 200 నుంచి 400 మీటర్ల దూరం పాటించాలి. తిండికే అయితే అంత దూరం వెతుక్కోనక్కరలేదు. ఇంటికి వాడుకునే కంకులను చేను నడుమ నుంచి కోసుకొని, గట్ల వెంట ఉన్న వరుసలను మార్కెట్‌కు వేరుగా పంపండి. పక్క చేను పూతకూ మీ పూతకూ మూడు వారాల తేడా వచ్చేలా విత్తగలిగితే ఇంకా మంచిది, అయితే వర్షాధారపు చెల్కల్లో తొలకరి పదునును వదులుకొని ఆగమని నేను చెప్పను.

ప్రశ్న: చౌటుప్పల్ దగ్గర కోళ్ల ఫారం నడుపుతున్నాను. దాణాలో ఈ మక్క వాడితే లాభమా?

జవాబు: మక్క, సోయా చెక్క కలిపిన దాణాలో కోళ్లకు మొదట కొరత పడేది మెథియోనిన్, ఆ తర్వాత లైసిన్. ఈ మక్క లైసిన్ కొరతను కొంత తీరుస్తుంది కనుక విడిగా కలిపే లైసిన్‌నూ, కొంతమేరకు సోయా చెక్కనూ తగ్గించుకోవచ్చు. మెథియోనిన్ మాత్రం ఎప్పటిలాగే కలపాలి. అయితే ఈ లెక్కంతా మీరు కొన్న సరుకు నిజంగా ఆ మక్కే అయినప్పుడు మాత్రమే నిలుస్తుంది. మార్కెట్ యార్డులో కుప్ప పోసిన మక్కలను చూసి ఎవరూ తేల్చలేరు. పైన చెప్పినట్లు దీపం మీద పెట్టినా తేలదు. రైతులతో ముందే ఒప్పందం చేసుకొని, విత్తనం మీరే ఇచ్చి, సరుకు వచ్చినప్పుడు అన్ని సంచుల నుంచీ కొద్దికొద్దిగా తీసి కలిపిన నమూనాకు మాంసకృత్తులు, లైసిన్ పరీక్ష చేయించండి. దాణా పాళ్లను ఆ ఫలితం చేతికి వచ్చిన తర్వాతే మార్చండి.